ఊరూరికీ పుస్తకం మోసిన ప్రచురణకర్త వట్టికోట ఆళ్వారుస్వామి

నల్గొండ: సరుకు ఎంత మేలైనదైనా కొనేవారి గడపకు చేరకపోతే వ్యాపారం సాగదు. ముడిసరుకు సేకరణ మొదలుకొని తయారీ, రవాణా, విక్రయం వరకు గల అంచెలన్నింటినీ ఒకే గొలుసుగా చూడాలనీ, ఆ గొలుసు ఎక్కడ బలహీనంగా ఉందో గుర్తించి సరిచేసుకున్న సంస్థే పోటీలో నిలుస్తుందనీ నేటి వాణిజ్యశాస్త్రం బోధిస్తోంది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మైఖేల్ పోర్టర్ 1985లో ఈ ఆలోచనను గ్రంథరూపంలో ప్రపంచం ముందు ఉంచారు. అంతకు 47 ఏళ్ల ముందే నల్గొండ జిల్లాకు చెందిన ఒక నిరుపేద యువకుడు పుస్తక ప్రచురణలో ఆ సూత్రాన్ని ఆచరించి చూపారు. ఆయనే దేశోద్ధారక గ్రంథమాల స్థాపకుడు, నవలా రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి.

వంటపని నుంచి అచ్చుపని వరకు

ఆళ్వారుస్వామి 1915 నవంబరు 1న నకిరేకల్ సమీపంలోని చెరువు మాదారం గ్రామంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోవడంతో కుటుంబం ఇక్కట్ల పాలైంది. ఒక ఉపాధ్యాయుడి ఇంట వండిపెడుతూ నాలుగు అక్షరాలు నేర్చుకున్నారు. పొట్ట చేతపట్టుకొని విజయవాడ వెళ్లి హోటల్‌లో సర్వరుగా పనిచేశారు. అనంతరం సూర్యాపేట గ్రంథాలయంతో ఏర్పడిన అనుబంధం ఆయనను పుస్తకానికి దగ్గర చేసింది. అక్కడి నుంచి హైదరాబాద్ చేరి, ఇటిక్యాలపాడు వాస్తవ్యులైన సురవరం ప్రతాపరెడ్డి 1926లో స్థాపించిన గోలకొండ పత్రికలో ప్రూఫ్‌రీడరుగా చేరారు.

పాఠశాల చదువు అంతంత మాత్రమే అయినా ఈ కొలువులు ఆయనకు వేరొక చదువు చెప్పాయి. గ్రంథాలయంలో పాఠకుడు ఏ పుస్తకం కోసం చేయి చాస్తాడో చూశారు. పత్రికలో రాతప్రతి అచ్చుగా మారే తీరు తెలుసుకున్నారు. పుస్తకానికి రెండు కొసలైన రచయితనూ, పాఠకుడినీ దగ్గరగా ఎరిగిన తరువాతే ఆయన ప్రచురణకు పూనుకున్నారు.

తెగిన లంకె ఎక్కడ?

నాటి హైదరాబాద్ సంస్థానంలో ఉర్దూ అధికార భాష. ఉన్నత విద్య, కచేరీ వ్యవహారం అంతా ఆ భాషలోనే సాగేది. సభ జరపాలంటే గస్తీ నిషాన్ 53 కింద సర్కారు అనుమతి పొందవలసిందే. తెలుగు పుస్తకాలు ఎక్కువగా మద్రాసు, బెజవాడ, రాజమండ్రి ముద్రణాలయాల నుంచి రావలసి ఉండేది. నల్గొండ నుంచి 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు వెలువరించిన నీలగిరి పత్రిక కొద్ది ఏళ్లకే ఆగిపోయింది.

తెలంగాణలో కవులే లేరన్న వాదనకు సురవరం 1934లో గోలకొండ కవుల సంచికతో బదులు చెప్పారు. అందులో చోటు చేసుకున్న కవుల సంఖ్య 354. దీనితో రాసేవారికి కొరత లేదని తేలిపోయింది. గ్రంథాలయోద్యమం మూలంగా చదవాలన్న కోరిక కూడా పల్లెల్లో మొలకెత్తింది. కొరత ఉన్నది ఈ ఇద్దరినీ కలిపే దారిలోనే. ఆళ్వారుస్వామి గుర్తించిన తెగిన లంకె అదే.

తల మీద మూట

1938లో ఆయన సికింద్రాబాద్ కేంద్రంగా దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించారు. అదే ఏడాది కన్నుమూసిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు స్మృతిలో దానికి ఆ పేరు పెట్టారు. నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో స్థాపించిన అమృతాంజనం వ్యాపారం ఆయన ఆంధ్రపత్రికకూ, ఆంధ్ర గ్రంథమాలకూ అండగా నిలిచింది. ఆళ్వారుస్వామి వెనుక అటువంటి కంపెనీ ఏదీ లేదు. ఉన్నది ఆయన శ్రమ ఒక్కటే.

అందుకే అంచెలన్నింటినీ ఆయన తన చేతిలోనే ఉంచుకున్నారు. రచనలను సేకరించడం, అచ్చు వేయించడం, ప్రూఫులు దిద్దడం, చివరకు అమ్మడం వరకు అన్నీ తానే. అప్పటికి నల్గొండ పట్టణానికి రైలు మార్గం లేదు. పుస్తకాల మూట తలకెత్తుకొని కాలినడకన పల్లెలు తిరిగారు. ఆంధ్రమహాసభ సమావేశాలు జరిగే చోట, జనం గుమిగూడే చోట మూట విప్పి విక్రయించారు. ఈ విధంగా 30కి పైగా పుస్తకాలు వెలుగు చూశాయి.

ఈ పద్ధతి వల్ల రెండు మేళ్లు కలిగాయి. మొదటిది, పుస్తకానికీ పాఠకుడికీ నడుమ దుకాణదారు అవసరం తగ్గింది. రెండవది, పుస్తకం అమ్మిన చోటనే పాఠకుడి మనసు తెలిసింది. ఎక్కడో పట్టణంలో కూర్చున్న ప్రచురణకర్తకు ఎంత పెట్టుబడి ఉన్నా ఈ సమాచారం అందదు. పెద్ద సంస్థలు విక్రయ ప్రతినిధులను నియమించి రాబట్టుకునే విషయాన్ని ఆయన తన రెండు కాళ్లతో సంపాదించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దేశమంతటా కాగితానికి కటకట ఏర్పడినప్పుడు, అమ్ముడుపోని పుస్తకాన్ని అచ్చు వేయడం చిన్న ప్రచురణకర్త భరించగల నష్టం కాదు. పాఠకుడిని ఎరిగి ఉండటమే అటువంటి వేళ అతడికి రక్షణ.

మనిషి ఖైదైతే గొలుసూ ఖైదే

అయితే అంచెలన్నీ ఒక్క మనిషి భుజాన ఉండటమే ఆ గ్రంథమాలకు గల పెద్ద ఆపద. ఆళ్వారుస్వామి కేవలం ప్రచురణకర్త కారు. ఆంధ్రమహాసభ కార్యకర్తగా, కమ్యూనిస్టుగా, కార్మిక సంఘాల నిర్మాతగా ప్రభుత్వ ఆగ్రహానికి గురయ్యారు. 1940 దశకంలో ఏళ్ల తరబడి వివిధ జైళ్లలో గడిపారు. మూట మోసే మనిషి నిర్బంధంలో ఉంటే పల్లెలకు పుస్తకం చేరే దారి కూడా మూసుకుపోతుంది. ఇటువంటి సంస్థలకు రెండో వరుస మనుషులు ఎంత అవసరమో ఆయన జీవితమే చెబుతుంది.

జైలులోనూ ఆయన సాహిత్య సేవ ఆగలేదు. నిజామాబాద్ జైలులో యువకవి దాశరథి కృష్ణమాచార్యకు తోడుగా నిలిచారు. దాశరథి 1949లో వెలువరించిన అగ్నిధారను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. ఖైదీల బతుకులను చూసిన అనుభవం నుంచి జైలు లోపల కథలు పుట్టాయి.

అలంపూర్‌లో నా గొడవ

విడుదల అనంతరం ఆయన తిరిగి ప్రచురణలకు పూనుకున్నారు. కాళోజీ నారాయణరావు తొలి కవితా సంపుటి నా గొడవను ప్రచురించారు. అలంపూర్‌లో 1953లో జరిగిన సాహిత్య సభల్లో శ్రీశ్రీ దానిని ఆవిష్కరించారు. నల్గొండ బిడ్డ అచ్చు వేయించిన ఓరుగల్లు కవి పుస్తకాన్ని విశాఖ కవి తుంగభద్ర తీరాన విడుదల చేయడం ఆ గొలుసు ఎంత దూరం సాగిందో చెప్పే ఘట్టం. దొరల పెత్తనాన్నీ, పల్లె ప్రజల మేల్కొలుపునూ చిత్రించిన ఆయన నవల ప్రజల మనిషి తెలంగాణ నవలల్లో మొదటి వరుసలో నిలిచింది. మరో నవల గంగు అసంపూర్తిగానే మిగిలిపోయింది.

1961 ఫిబ్రవరి 5న 45 ఏళ్ల వయసులోనే ఆళ్వారుస్వామి కన్నుమూశారు. ఆ మూటను ఆయన వలె తలకెత్తుకొని ఊరూరా తిరిగేవారు తరువాత కానరాలేదు. ఆస్తిపాస్తులు కూడబెట్టని ఆయన కొలమానంతో చూస్తే, పుస్తకం విలువ అచ్చుయంత్రం వద్ద పూర్తికాదు. చెరువు మాదారం వంటి ఊరిలో ఒకరు దానిని చేతిలోకి తీసుకొని మొదటి పుట తిప్పినప్పుడే అది పూర్తవుతుంది. చేనేత వస్త్రమైనా, రైతు పండించిన పంటైనా కొనేవారిని చేరే దారి తన చేతిలో లేక నష్టపోతున్న చిన్న ఉత్పత్తిదారుకు ఆళ్వారుస్వామి జీవితం ఒక పాఠం, ఒక హెచ్చరిక కూడా.