మన మడికొండ కాళోజీ ఒక్కరే మోయలేదు

సంఘం పనిలో ఏదో ఒకనాడు అందరికీ యాష్ట వస్తది. కిస్తీల వసూలు, పుస్తకాలు రాసుడు, మీటింగులు, మల్ల ఇంట్ల పని. ఈ ఏడు నేను కూడా లీడర్ పని ఇడిసిపెడదామనుకున్న. అప్పుడు కాళోజీ నారాయణరావు గారు యాదికొచ్చిండ్రు.

ఆయన 1914 సెప్టెంబర్ 9న కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టిండ్రు. పెరిగింది మన మడికొండల. వకీలు చదువు చదివినా మనసంతా ప్రజల పని మీదనే. గ్రంథాలయ ఉద్యమం, ఆంధ్ర మహాసభ, నిజాం పాలన మీద కొట్లాట, అన్నిట్ల ఉన్నరు. జైలుకు కూడా పోయిండ్రు. 1958 నుంచి 1960 దాకా శాసనమండలి సభ్యులుగా ఉన్నరు. ఎమర్జెన్సీ తర్వాత సత్తుపల్లిలో జలగం వెంగళరావు గారి మీద నిలబడి ఓడిపోయిండ్రు. ఓడినా అన్యాయాన్ని అడుగుడు మానలేదు.

ఇన్నేండ్లు ఎట్ల నడిచిండ్రు? ఒక్కరే మోయలేదు, అదే నాకు అర్థమైంది. ఇంటి బరువు అన్న రామేశ్వరరావు గారు ఎత్తుకున్నరు. భార్య రుక్మిణీబాయి గారు తోడున్నరు. వరంగల్‌లో మిత్రమండలి ఉండేది. అక్కడ దోస్తులందరూ కూడి, రాసినవి చదువుకొని, మనసు ఇప్పి మాట్లాడుకునేటోళ్లు. బాధైనా కోపమైనా ఆయన లోపల దాచుకోలేదు, కవిత్వంగా బయట పెట్టిండ్రు. దానికి 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నరు. అది 1953లో పుస్తకంగా వచ్చింది. 1992లో పద్మవిభూషణ్ వచ్చింది. 2002 నవంబర్ 13న, 88 ఏండ్లకు కన్నుమూసిండ్రు. ఆయన దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చిండ్రు. ఆయన పుట్టినరోజే ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం.

కానీ అక్కా, ఇంటి బరువు మోసే అన్న మనలో ఎంతమందికి ఉన్నడు? మనకు సంఘమే ఆ అన్న కావాలె. అందుకే మా సంఘంల పుస్తకాలు రాసే పని ఇద్దరం పంచుకున్నం. వసూలుకు వంతులు పెట్టుకున్నం. మీటింగుల లెక్కల కంటే ముందు పావుగంట ఎవరి గొడవ వాళ్లు చెప్పుకుంటం. ఏడ్చేటోళ్లు ఏడుస్తరు, నవ్వించేటోళ్లు నవ్విస్తరు. తర్వాతనే పుస్తకం తెరుస్తం.

నేను లీడర్ పని ఇడిసిపెట్టలేదు. మీకు యాష్టొస్తే రాజీనామా రాయకముందు పక్కనున్న అక్కకు ఒక్క మాట చెప్పుండ్రి.