సైకిల్ పందేల రాణి బెరిల్ బర్టన్

ఉర్దూలో షౌక్ అనే మాట ఒకటి ఉన్నది. లాభమును కోరక, ఒకరి మెప్పునకు ఎదురు చూడక, ఒక పనిపై మనసు నిలుపుకొని దానిని ప్రేమించుట దాని భావము. ఆ మాటయే తెలుగులోనికి వచ్చి షోకుగా మారి, పైపై అలంకారానికి పేరైపోయినది. రెండు భాషలూ కలిసి వినిపించే మన కళాశాలలో ఈ రెండు మాటల నడుమ గల దూరము అందరికీ తెలిసినదే. క్రీడారంగములో అమెచ్యూర్ అని పేరు పొందినవారు మొదటి మాటకు చెందినవారు. వారు ధనము కొరకు గాక ఆటపై గల మమకారముచే ఆడుదురు. అట్టివారిలో అగ్రగణ్యురాలు ఇంగ్లండు దేశపు సైకిల్ క్రీడాకారిణి శ్రీమతి బెరిల్ బర్టన్. ఆమె జీవితమును మన విద్యార్థినీ విద్యార్థుల ముందుంచవలెనని ఈ చిన్న ప్రయత్నము చేయుచున్నాము.

బెరిల్ 1937 మే 12న యార్క్‌షైర్‌లోని లీడ్స్ నగరము చెంత హాల్టన్ అనే చోట సామాన్య కుటుంబములో జన్మించినది. ఆ కాలములో ఇంగ్లండులోని పిల్లలు పదకొండవ యేట ఒక పరీక్ష వ్రాయవలసి యుండెను. మంచి ఉన్నత పాఠశాలలో చోటు లభించునా లేదా అన్నది ఆ ఒక్క పరీక్షతోనే తేలిపోయేది. బెరిల్ అందులో తప్పినది. ఆ దెబ్బ నుండి తేరుకొనక ముందే కీళ్ళవాత జ్వరము ఆమెను మంచమున పడవేసినది. ఆసుపత్రిలోను, తరువాత ఆరోగ్య విశ్రాంతి గృహములోను రెండేండ్లకు దగ్గరగా ఆమె బాల్యము గడిచిపోయినది. గుండె బలహీనపడినదనీ, ఇకపై దేహశ్రమ తగదనీ వైద్యులు హెచ్చరించినారు. పరీక్షలో ఓడి, దేహబలము కోల్పోయిన ఆ బాలిక ముందుముందు ఏమి కాగలదని ఎవరైనా అడిగియుంటే, క్రీడాకారిణి అని మాత్రము ఎవరూ చెప్పియుండరు.

పదిహేనవ యేట చదువు ముగించి ఆమె దుస్తులు తయారుచేసే సంస్థలో పనికి చేరినది. అక్కడనే ఛార్లీ బర్టన్ అనే యువకుని పరిచయము కలిగినది. అతనికి సైకిలు ప్రాణము. అతని వెంట ఆదివారపు సవారీలకు బయలుదేరిన బెరిల్ మొదట అందరికంటె వెనుకబడేది. ఎత్తు ఎక్కునప్పుడు తోడివారు ఆమె వీపుపై చేయి వేసి ముందుకు నెట్టవలసి వచ్చేది. కొంతకాలానికి ఆమె వారితో సమముగా తొక్కినది. మరి కొంతకాలానికి వారిని దాటి ముందుకు పోయినది. 1955లో వారిరువురికి వివాహము జరిగినది. 1956లో కుమార్తె డెనీస్ పుట్టినది. భార్యలోని శక్తిని గుర్తించిన ఛార్లీ తన పందేలను ప్రక్కనబెట్టి, ఆమెకు మెకానిక్కుగా, డ్రైవరుగా, సహచరునిగా నిలిచినాడు. అతని త్యాగము చెప్పకపోతే ఆమె చరిత్ర సగమే అగును.

బెరిల్ పొట్ట పోసుకొన్నది పొలము పనితో. మోర్లీ పట్టణములో నిమ్ కార్లైన్ అనే సైకిల్ వీరుని తోటలో ఆమె కూలికి పోయేది. అక్కడ రూబర్బ్ అనే మొక్కను పండించేవారు. అది మన చుక్కకూర కుటుంబానికి చెందినదే. దాని పుల్లని కాడలను వారు వండుకొందురు. చలికాలములో గడ్డకట్టిన నేలనుండి మట్టితో కూడిన బరువైన దుంపలను పెకలించి, చీకటి కొట్టాలలోనికి మోయవలెను. పగలంతా ఆ చాకిరీ, అటుపైన ఇంటిపని, ఆ పైన సైకిలు మీద సాధన. ఇదే ఆమె వ్యాయామశాల.

రాలీ సైకిలు మన పెద్దల కాలములో ఎంత గొప్ప వస్తువో పాఠకులు ఎరుగుదురు. ఆ కంపెనీ వారే 1960లో ఆమెను డబ్బిచ్చి వృత్తి క్రీడాకారిణిగా చేర్చుకొనుటకు ముందుకు వచ్చినారు. ఆమె అంగీకరించలేదు. జీవితాంతము అమెచ్యూరుగానే మిగిలినది. షౌక్ అనే మాటకు ఇంతకంటె తేటయైన ఉదాహరణము మాకు కనిపించలేదు.

ఆమె రాణించిన పందెము తీరును కొంత వివరింపవలెను. అందరూ ఒకేసారి గుంపుగా బయలుదేరే పందెము కాదది. నిమిషానికి ఒకరు చొప్పున వేకువన బయలుదేరుదురు. 25, 50, 100 మైళ్ళు కొలిచిన బాటపై ఎవరికి వారు ఒంటరిగా తొక్కవలెను. ఇతరుల వెనుక దాగి గాలిని తప్పించుకొనుట నిషిద్ధము. ఆషాఢ మాసములో నంద్యాల బాటన ఎదురుగాలికి సైకిలు తొక్కినవారికి దీని బాధ వేరుగా చెప్పనక్కరలేదు. ఇందులో సాకులకు చోటు లేదు, సిఫారసులకు అంతకంటె లేదు. న్యాయాధిపతి గడియారమొక్కటే. ఈ మూడు దూరాలలో ఏటేటా సాధించిన సగటు వేగమును బట్టి ఉత్తమ మహిళా క్రీడాకారిణిని నిర్ణయించేవారు. 1959 నుండి 1983 వరకు వరుసగా 25 సంవత్సరములు ఆ గౌరవము బెరిల్‌దే. ప్రపంచ పోటీలలో ఐదు పర్యాయములు ట్రాకు మీది 3,000 మీటర్ల పందెమునందు, 1960, 1967 సంవత్సరములలో రోడ్డు పందెమునందు ఆమె విజేతగా నిలిచినది.

1967 సెప్టెంబరు 17వ తేదీన యార్క్‌షైర్‌లో 12 గంటల పందెము జరిగినది. నిర్ణీత కాలములో ఎవరెంత దూరము పోగలరన్నదే పరీక్ష. పురుషులు ముందు బయలుదేరినారు. వారి వెనుక బయలుదేరిన బెరిల్ గంటలు గడిచేకొద్దీ ఒక్కొక్కరిని దాటుతూ పోయినది. చివరకు మిగిలినవాడు మైక్ మెక్‌నమారా. అతడు ఆనాడు పురుషుల జాతీయ రికార్డు దిశగా సాగుచుండెను. అతని ప్రక్కకు చేరినపుడు ఏమి పలుకవలెనో ఆమెకు తోచలేదు. జేబులోని అతిమధురపు మిఠాయి ఒకటి తీసి అతనికి అందించినది. అతడు అందుకొన్నాడు. ఆమె ముందుకు సాగిపోయినది. ఆనాడు మెక్‌నమారా 276.52 మైళ్ళతో పురుషుల రికార్డు నెలకొల్పినాడు. బెరిల్ 277.25 మైళ్ళు, అనగా సుమారు 446 కిలోమీటర్లు తొక్కినది. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయి, అదే దినము తిరిగి కర్నూలు చేరినను ఆ దూరము పూర్తికాదు. ఆమె సాధించిన దూరమును రెండేండ్ల పాటు ఏ పురుషుడూ దాటలేకపోయినాడు. మహిళల రికార్డుగా అది 2017 వరకు, అనగా 50 సంవత్సరములు చెక్కుచెదరలేదు.

ఇంతటి క్రీడాకారిణికి ఒలింపిక్ పతకము లేదు. అందుకు కారణము ఆమెలో లేదు. 1896లో తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలనుండి పురుషులకు సైకిలు పందేలున్నవి. స్త్రీలకు మాత్రము 1984లో లాస్ ఏంజెలెస్ క్రీడలవరకు ఆ ద్వారము తెరువబడలేదు. అప్పటికి ఆమెకు 47 సంవత్సరములు నిండినవి. పెద్దలు కూర్చుండి వ్రాసిన నియమములు ఒక మనిషి వయసు కొరకు ఆగవు. ఈ సంగతిని క్రీడలను నిర్వహించేవారు మరువరాదు.

మహనీయుల జీవితములో మచ్చలను దాచుట మాకు సమ్మతము గాదు. 1976లో జాతీయ రోడ్డు పందెము చివరి గజాలలో తల్లిని దాటి కుమార్తె డెనీస్ గెలిచినది. బహుమతుల వేదికపై తల్లి కుమార్తెతో కరచాలనము చేయలేదు. గెలుపుపై గల తపన మితిమీరినచో కన్నబిడ్డ విజయమును కూడ చేదుగా మార్చగలదని దీనివలన తెలియుచున్నది. అయితే 1982లో ఆ తల్లీ కూతుళ్ళే జంట సైకిలుపై కలిసి తొక్కి 10 మైళ్ళ జాతీయ రికార్డు నెలకొల్పినారు. విడిపోయిన మనసులు ఒకే బండిపై చేరుట ఆ రికార్డుకన్న విలువైనదని మా అభిప్రాయము.

బ్రిటిషు ప్రభుత్వము 1964లో, 1968లో ఆమెకు బిరుదులిచ్చి గౌరవించినది. అయినను ఆమె సామాన్య జీవనమే గడిపినది. వయసు పైబడినను సైకిలును వదలలేదు. 1996 మే 5న, తన 59వ పుట్టినరోజుకు వారము ముందు, విందు ఆహ్వానములు పంచుటకు సైకిలుపై బయలుదేరి, దారిలోనే గుండె ఆగి కన్నుమూసినది. బాల్యములో వైద్యులు అనుమానించిన ఆ గుండె నలుబదేండ్లకు పైగా ఆమెను మోసినది.

విద్యార్థులారా! ఒక పరీక్ష తప్పినంత మాత్రమున జీవితము తప్పదని ఆమె చరిత్ర చెప్పుచున్నది. కూలిపని చేయు చేతులే ప్రపంచ కిరీటమును అందుకొనగలవని చెప్పుచున్నది. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే. బెరిల్‌కు గొప్ప మైదానములు లభింపలేదు. ఆమెకు లభించినది కొలిచిన బాట, నిజము పలికే గడియారము, పాల్గొను అవకాశము. మన సీమలో బాటలకు కొదువ లేదు, వేకువలకూ కొదువ లేదు. వార్షిక క్రీడలలో బాలురతో పాటు బాలికలకు కూడ ఇట్టి సైకిలు పందెము ఒకటి చేర్చినచో ఖర్చు స్వల్పము. మన బాలికలలో ఎవరి కాళ్ళలో ఎంత శక్తి దాగియున్నదో బాట మీదికి రానిదే ఎవరికి తెలియగలదు?