భాస్కరాచార్యుడు

గణితానికీ కవిత్వానికీ పొత్తు కుదరదని పలువురి నమ్మకం. భాస్కరాచార్యుని వంశచరిత్ర ముందు ఆ నమ్మకం నిలవదు. ఆయన పూర్వికుడు త్రివిక్రముడు కవిచక్రవర్తిగా కీర్తి గడించాడు. తండ్రి మహేశ్వరుడు జ్యోతిష పండితుడు. కుమారునికి గురువు కూడా ఆయనే.

భాస్కరుడు క్రీ.శ. 1114లో జన్మించాడు. సహ్యాద్రి చెంతనున్న విజ్జడవిడం ఆయన నివాసం. తన 36వ ఏట, అనగా 1150లో, 'సిద్ధాంత శిరోమణి'ని రచించాడు. లీలావతి, బీజగణితం, గ్రహగణితం, గోళాధ్యాయం అందులోని భాగాలు. లీలావతి ఆయన కుమార్తె అనీ, పెండ్లి ముహూర్తం తప్పిన ఆమెను ఊరడించడానికి ఆ గ్రంథం వెలసిందనీ ఒక కథ ఉన్నది. అది 1587 నాటి ఫైజీ పారశీకానువాదంలో కనిపిస్తుందే గాని భాస్కరుడు చెప్పినది కాదు. కథ మనోహరమే, చరిత్రగా గ్రహించరాదు.

పూర్ణసంఖ్యగా తేలని వర్గమూలాన్ని మన పూర్వులు కరణి అన్నారు. నేటి తెలుగు గణిత పుస్తకాలలోనూ అదే మాట. 628లో బ్రహ్మగుప్తుడు చర్చించిన ఈ విషయాన్ని భాస్కరుడు తన బీజగణితంలో విస్తరించాడు. కరణిని సంఖ్యతో గుణించాలంటే ముందు ఆ సంఖ్యను వర్గం చేయాలి. కనుక 2 యొక్క మూలాన్ని 3తో గుణిస్తే 18 యొక్క మూలం వస్తుంది. కరణుల కూడిక ఇంతకన్న చిక్కైనది. 2, 8 అనే కరణులను కలపాలి. వాటి మొత్తం 10. దీనికి ఆయన పెట్టిన పేరు మహతి. లబ్ధం 16, దాని మూలం 4, రెట్టిస్తే 8, ఇది లఘువు. రెండూ కలిపితే 18, తీసివేస్తే 2. కరణుల మొత్తం 18కి మూలం, భేదం 2కు మూలం. ఛందస్సు చదివినవారికి లఘువన్న పేరు వింతగా తోచకపోదు! 3, 7 కరణుల లబ్ధం 21. దానికి పూర్ణసంఖ్య మూలం కాదు. అటువంటి వాటిని బలవంతాన కలపక విడివిడిగా ఉంచమన్నాడు. కలిసేవేవో, కలవనివేవో ముందే తేల్చే ఈ పరీక్షలోనే ఆయన ప్రతిభ ఉన్నదని నా అభిప్రాయం. ఋణసంఖ్య ఏ సంఖ్యకూ వర్గం కాదు గనుక దానికి మూలం లేదని కూడా నిర్ణయించాడు.

1183లో, దాదాపు 70వ ఏట, 'కరణ కుతూహలం' రచించాడు. కుమారుడు లక్ష్మీధరుడు యాదవరాజు జైత్రపాలుని ఆస్థానంలో పండితుడైనాడు.

గురువు లేక గ్రంథం మూగబోతుందని మనుమడు చంగదేవుడు ఎరుగును. మహారాష్ట్రలోని చాలీస్‌గావ్ సమీపాన పాటణ గ్రామంలో తాతగారి గ్రంథాలు బోధించడానికి ఆయన ఒక మఠం నెలకొల్పాడు. దానికి 1207లో లభించిన దానాలు అక్కడి శిలాశాసనంలో నమోదై ఉన్నాయి.