ఆచరణే బోధన: బిషప్ అజరయ్య

అనంతపురం పీఠభూమిలో పెన్నానది ఒడ్డున ఉన్న తాడిపత్రి పరిసరాలు చాలా వరకు మెట్టభూములు. వాన కోసం ఆకాశం వైపు చూసే ఆ నేలలో తండ్రి కొడుకుకు సేద్యం నేర్పవలసి వస్తే ఉపన్యాసమివ్వడు. ముందు తాను మేడి పట్టి ఒక చాలు దున్ని చూపుతాడు. ధర్మబోధకూ ఇదే వరుస వర్తిస్తుంది. తాను నడవని దారిలో నడవమని ఇతరులకు చెప్పడం తగదని నమ్మి, ఆ నమ్మకం కోసం సొంత ఊరినీ ఉద్యోగాన్నీ విడిచి తెలుగుదేశానికి వచ్చిన మహనీయుడు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళదేశంలోని తిరునల్వేలి జిల్లా వెల్లాలన్‌విళై గ్రామంలో జన్మించాడు. తండ్రి థామస్ వేదనాయకం ఆ ఊరి క్రైస్తవ గురువు. తల్లి ఎలెన్ క్రమశిక్షణకు మారుపేరు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకున్న అజరయ్య 1895లో వై.ఎం.సి.ఎ. సంస్థలో కార్యదర్శిగా చేరాడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడాడు. ఆ ప్రాంతంలో కళాశాల చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు.

ఉద్యోగరీత్యా దక్షిణ భారతమంతటా తిరుగుతున్న అజరయ్యను ఒక ప్రశ్న వెంటాడింది. క్రైస్తవ సేవాభారాన్ని ఎంతకాలం విదేశీయులే మోయాలి? ఆ ఆలోచనతోనే ఆయన మిత్రులతో కలిసి 1903లో తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘాన్ని, 1905లో జాతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించాడు. భారతీయుల ధనంతో, భారతీయుల చేతులమీదుగా, భారతీయుల నిర్వహణలో సేవ సాగాలన్నది వాటి ఆశయం. ఆయన యువకులను మారుమూల పల్లెలకు వెళ్లమని ప్రోత్సహించేవాడు. అయితే ఇతరులను పొమ్మంటున్న తాను మాత్రం పట్టణంలో ఎందుకు ఉండిపోవాలన్న ప్రశ్న ఆయనను నిలువనీయలేదు. చివరకు పేరుప్రతిష్ఠలు తెచ్చిపెట్టిన ఉద్యోగాన్ని వదులుకొని, 1909లో గురుపట్టం స్వీకరించి, కుటుంబంతో సహా నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు చేరాడు.

అప్పటికి దోర్నకల్ అడవుల నడుమ ఉన్న చిన్న రైల్వే కూడలి. ఆయన తొలి నివాసం ఒక గుడారం. ఆ ప్రాంత ప్రజల భాష తెలుగు. ముప్పై అయిదేళ్ల వయసులో అజరయ్య పసివాడిలా ఓనమాలు దిద్ది, తెలుగు నేర్చుకొని, పల్లె ప్రజలతో వారి మాటలోనే మాట్లాడసాగాడు.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య ప్రసంగించాడు. విదేశీ మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, వారు భారతీయులను సమానులుగా, స్నేహితులుగా చూడడం లేదని నిర్భయంగా చెప్పాడు. ఆ మాటలు సభలో కొందరికి రుచించలేదు. రెండేళ్ల తర్వాత ఆయనను బిషప్ పదవికి ఎంపిక చేసినప్పుడు, భారతీయుడి కింద ఐరోపావారు ఎలా పనిచేయగలరని అభ్యంతరాలు వచ్చాయి. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సమాజంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడయ్యాడు. ఆయన ఆ అభ్యంతరాలకు వాదంతో గాక పనితో సమాధానమిచ్చాడు.

పదవి వచ్చినా ఆయన పల్లెబాట విడువలేదు. ఎడ్లబండి మీద ఊరూరా తిరిగేవాడు. పగలంతా కూలిపనికి వెళ్లే జనానికి రాత్రి వేళలే బడివేళలు. చదువురాని వారికి కథల ద్వారా, పాటల ద్వారా బోధ సాగేది. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటినీ పల్లెను పీడించే భూతాలుగా ఆయన భావించాడు. అన్బమ్మ ఆడపిల్లల చదువు బాధ్యతను తలకెత్తుకొంది.

అన్నిటికన్నా కఠిన పరీక్ష కులభేదం. సంఘంలో చేరిన వారిలో ఎక్కువమంది మాల, మాదిగ కులాలవారు. ఒకే దేవుని ఆరాధిస్తున్నా ఒకరితో ఒకరు కలిసి భోజనం చేయడానికి సందేహించేవారు. అజరయ్య వారందరితో కలిసి కూర్చుని, కలిసి తిని, సంఘంలో కులానికి చోటులేదని తన నడతతో చూపాడు. ఆ భేదం పూర్తిగా తొలగలేదు. అయినా దానిని సహజమని ఆయన ఏనాడూ అంగీకరించలేదు.

కాలక్రమంలో దోర్నకల్ అధ్యక్ష మండలం విస్తరించింది. తాడిపత్రికి పొరుగున ఉన్న కర్నూలు, కడప జిల్లాలలోని నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ప్రాంతాల సంఘాలు కూడా అందులో చేరాయి. కరువుకాటకాలకు అలవాటుపడిన పేదలను దానమడగడం న్యాయమా అన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. పేదవానికి పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం చేతకాదనుకోవడం వానిని చిన్నబుచ్చడమేనని అజరయ్య భావించాడు. ఇల్లాలు వంటకు కొలిచిన గింజలలోంచి ఒక పిడికెడు తీసి దాచి, సంఘానికి సమర్పించే అలవాటును ప్రోత్సహించాడు. పంటల పండుగనాడు ధాన్యం, కూరగాయలు, కోళ్లు కానుకలుగా వచ్చేవి. పరాయి దేశపు ధనంపై ఆధారపడే సంఘానికి ఆత్మగౌరవం ఇలా అలవడింది. 1930వ దశకం నడుమకు అక్కడ సుమారు 250 మంది భారతీయ గురువులు, 2,000కు పైగా గ్రామోపాధ్యాయులు పనిచేస్తుండేవారు.

క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కల్పించడాన్ని ఆయన వ్యతిరేకించాడు. అవి క్రైస్తవులను తోటి దేశీయుల నుంచి వేరుచేస్తాయని ఆయన అభిప్రాయం. మతమార్పిడి విషయంలో గాంధీజీతో విభేదించినా, తాను నమ్మినదాన్ని విడువలేదు. దోర్నకల్‌లో ఆయన కట్టించిన దేవాలయంలో హిందూ, ముస్లిం శిల్పరీతులు క్రైస్తవ ఆరాధనకు నీడనిచ్చాయి. ఎన్నో ఏళ్ల శ్రమ తర్వాత 1939 జనవరి 6న దానికి ప్రతిష్ఠ జరిగింది.

వేర్వేరు క్రైస్తవ శాఖలు ఒకటి కావాలని అజరయ్య 1919 నుంచి పాటుపడ్డాడు. ఆ కల 1947లో దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. కాని దానిని కళ్లారా చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లోనే కన్నుమూశాడు. గుడారం వేసుకొని నిలిచిన ఊరిలోనే, తాను కట్టించిన దేవాలయం చెంతనే ఆయన సమాధి ఉంది. ఇతరులను వెళ్లమన్న చోటికి ముందుగా తానే వెళ్లి, చివరిదాకా అక్కడే నిలిచిన జీవితం ఆయనది.

ప్రశ్నలు

1. అజరయ్య ఉద్యోగం వదలి దోర్నకల్‌కు రావడానికి కారణమేమి?
2. పిడికెడు గింజల కానుక వల్ల సంఘానికి కలిగిన మేలును వివరించండి.
3. బోధకుడికి ఆచరణ ఎందుకు అవసరమో పాఠ్యాంశం ఆధారంగా చర్చించండి.