కారు పైకప్పుకు గ్రహణం పట్టించిన దంతవైద్యుడు

పారిస్ నగర శివార్లలోని మోంట్ వలేరియన్ కోటలో 1942 మార్చి 21న జర్మన్ సైనికులు కాల్చి చంపిన వారిలో ఇద్దరు మోటారు కార్ల రంగానికి చెందినవారు. ఒకరు కార్లకు బాడీలు కట్టించే సంపన్న కుటుంబానికి చెందిన జాక్ కెల్నర్. రెండవ వ్యక్తి జార్జ్ పోలాన్. అప్పటికి ఆయన వయస్సు సుమారు నలభై ఏళ్లు. వృత్తిరీత్యా దంతవైద్య రంగంలో పనిచేసిన పోలాన్ కారు పైకప్పును మడిచి డిక్కీలోకి పంపే యంత్రాంగాన్ని రూపొందించి, మోటారు పరిశ్రమ చరిత్రలో చెరగని స్థానం సంపాదించారు. ఒక బటన్ నొక్కితే లోహపు పైకప్పు లేచి వెనక్కు వెళ్లి కనుమరుగయ్యే కార్లు తరువాతి కాలంలో అనేక దేశాలలో తయారయ్యాయి. వాటన్నిటికీ మూలం ఆయన గీసిన చిత్రపటాలలో కనిపిస్తుంది.

పోలాన్ 1902లో పారిస్‌లో జన్మించారు. ఆయన ఇంజనీరింగ్ కళాశాలలో చదువుకున్నవారు కారు. ఏ కార్ల కర్మాగారంలోనూ శిక్షణ పొందలేదు. పళ్ల కొలతలు, అచ్చులు, మిల్లీమీటరులో పదోవంతు తేడా కూడా నోటికి ఇబ్బంది కలిగించే సున్నితమైన పని ఆయన చేతికి అలవాటు. తీరిక వేళల్లో కార్ల బొమ్మలు గీయడం ఆయనకు వ్యసనం వంటిది. ఈ రెండు విద్యల కలయిక ఆయన కనిపెట్టిన పరికరంలో ప్రస్ఫుటంగా కనిపిస్తుందనడం అతిశయోక్తి కాదు. దవడ కీలులాగానే అది కూడా రెండు పక్కలా సమానంగా కదలాలి. ఒక పక్క కాస్త ముందు, మరో పక్క కాస్త వెనుక నడిస్తే పట్టేస్తుంది.

ఆ రోజుల్లో టాపు తీసే కార్లు లేక కాదు. మోటారు కారు పుట్టినప్పటి నుంచీ దాని నెత్తిన గుడ్డ టాపే ఉండేది. మన సైకిల్ రిక్షా టాపును గుర్తు తెచ్చుకుంటే సూత్రం తెలిసిపోతుంది. కొన్ని వంపు బద్దలు, వాటిని ఒకచోట కలిపే కీలు, పైన బిగుతుగా లాగి కట్టిన కాన్వాసు గుడ్డ. కారులో వెదురు బద్దలకు బదులు చెక్క లేదా ఇనుప కమ్ములు ఉండేవి. వెనక్కు తోస్తే బద్దలు ఒకదానిపై ఒకటి పడి, గుడ్డ మడతలుగా చేరేది. రిక్షాకు సరిపోయిన ఈ ఏర్పాటు గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే బండికి చాలలేదు. గాలికి గుడ్డ ఉబ్బి టపటప కొట్టుకునేది. కుట్ల వద్ద నీరు కారేది. చలికాలంలో గుడ్డ బిగుసుకుపోతే టాపు వేయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. ఎంత నేర్పుగా మడిచినా సీట్ల వెనుక మూటగట్టినట్టు కనిపించి కారు అందాన్ని చెడగొట్టేది.

గట్టి కప్పును కదిలించాలన్న ఆలోచన పోలాన్ ఒక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో బెన్ ఎల్లర్‌బెక్ అనే వ్యక్తి 1920ల తొలినాళ్లలోనే హడ్సన్ కారుపై చేత్తో నడిపే గట్టి కప్పును అమర్చి చూపారు. కానీ దానిని తయారీకి తీసుకునే కంపెనీ దొరకలేదు. పోలాన్‌కు ఆ అదృష్టం దక్కింది. 1930ల తొలి సంవత్సరాలలో ఆయన తన యంత్రాంగానికి ఫ్రాన్స్‌లో పేటెంట్ తీసుకున్నారు. దానికి పెట్టిన పేరు ఎక్లిప్స్, అంటే గ్రహణం. సూర్యబింబం మెల్లగా మరుగైనట్టు పైకప్పు మరుగవుతుంది కనుక అంతకన్నా తగిన పేరు మరొకటి దొరకదేమో.

యంత్రాంగం చూడటానికి సులభంగానే కనిపిస్తుంది. ముందుగా డిక్కీ మూత తెరుచుకోవాలి. సాధారణ కారులో మూత బందులు సీట్ల వైపు ఉంటాయి, వెనుక అంచు పైకి లేస్తుంది. ఎక్లిప్స్‌లో ఇది తారుమారు. బందులు కారు తోక వైపున ఉంటాయి. మూత ముందు అంచు లేచి, మొసలి నోరు తెరిచినట్టు వెనక్కు వాలుతుంది. అప్పుడు ఒకే ముక్కగా ఉన్న లోహపు కప్పు ముందు అద్దం నుంచి విడివడి, రెండు పక్కలా ఉన్న చేతుల ఆధారంతో వంపు దారిలో వెనక్కు జరిగి ఆ ఖాళీలోకి దిగుతుంది. చివరగా మూత దానిపై మూసుకుంటుంది. చూసేవారికి కారులో ఎన్నడూ కప్పు లేదనిపిస్తుంది.

కష్టమంతా ఆ వంపు దారిలోనే ఉంది. బరువైన ఒక పలకను రెండు మూడు అడుగులు వెనక్కు, మరో రెండడుగులు కిందికి పంపాలి. మధ్యలో అది సీట్లకు తగలరాదు, మూత అంచుకు తగలరాదు, కూర్చున్నవారి తలలకు అసలే తగలరాదు. ఒకే కీలుపై తిప్పితే కప్పు తలకిందులుగా పడుతుంది. అలా పడిన కప్పు వంపు పైకి తిరిగి బోలెడు చోటు ఆక్రమిస్తుంది. ప్రతి పక్కనా పొడవులు వేరైన రెండు చేతులను తగిన చోట్ల బిగిస్తే మాత్రం కప్పు తన వంపును ఆకాశం వైపే ఉంచుకుని జారుతుంది. కీళ్ల స్థానం ఒక్క అంగుళం మారినా దారి మొత్తం మారిపోతుంది. నేడు కంప్యూటర్ తెరపై క్షణాల్లో తేలే ఈ లెక్కను ఆనాటి రూపకర్తలు కాగితంపై గీతలతోనూ, చెక్క నమూనాలతోనూ తేల్చుకోవలసి వచ్చేది.

మరో చిక్కు పొడవుకు సంబంధించినది. కప్పు ఒకే ముక్క కనుక అది ఎంత పొడవుంటే డిక్కీ అంత పొడవుండాలి. అందుచేత ఎక్లిప్స్ కార్ల తోకలు సాగిపోయి ఉంటాయి. కప్పు దించినప్పుడు సామాను పెట్టుకునే చోటు దాదాపు హరించుకుపోతుంది. పోలాన్ ప్రతిభ ఇక్కడే తెలుస్తుంది. తప్పనిసరై వచ్చిన ఆ పొడవును ఆయన దాచే ప్రయత్నం చేయలేదు. నీటి బొట్టులా వెనక్కు సన్నబడుతూ పోయే ఆకృతిగా దానిని మలిచారు. గాలి ఒరిపిడి తగ్గించే ఆకృతులపై ఐరోపా ఇంజనీర్లందరూ మక్కువ చూపుతున్న కాలమది.

పేటెంట్ ఒక్కటే ఉంటే అన్నం పెట్టదు. పోలాన్‌కు కలసివచ్చినది ఇద్దరు వ్యక్తుల సహకారం. పారిస్‌లో ప్యూజో కార్ల డీలరుగా పేరుపొందిన ఎమిల్ దార్ల్‌మా ఒకరు. కార్లకు బాడీలు కట్టే మార్సెల్ పుర్తూ మరొకరు. మన విజయవాడ ఆటోనగర్‌లో లారీ చాసిస్ తెచ్చి బాడీ కట్టించినట్టే ఆనాడు ఫ్రాన్స్‌లో ఖరీదైన కార్లకు చాసిస్ ఒకచోట, బాడీ మరొకచోట తయారయ్యేవి. పోలాన్ గీస్తే పుర్తూ కట్టేవారు, దార్ల్‌మా అమ్మేవారు. ఈ త్రయం కృషితో 1934లో ప్యూజో 401, 601 నమూనాలపైనా, లాన్సియా బెల్నా చాసిస్‌పైనా ఎక్లిప్స్ కార్లు వెలువడ్డాయి. ఇంజనును, చక్రాలను మోసే బలమైన చాసిస్ విడిగా ఉండటం ఈ ప్రయోగానికి మేలు చేసింది. చాసిస్, బాడీ ఒకటిగా కలిసిపోయిన తరువాతి తరం కార్లలో కప్పు తీసివేస్తే పెట్టె మూత తీసినట్టు బండి మెలితిరుగుతుంది. నేలభాగానికి అదనపు ఉక్కు వేసి సరిచేయవలసి వస్తుంది.

ఎక్లిప్స్ హక్కులను పొందిన ప్యూజో కంపెనీ 1935లో తన కొత్త 402 నమూనాలో దానిని ప్రవేశపెట్టింది. హెడ్‌లైట్లను సైతం ముందు జాలీ వెనుక దాచుకున్న వింత కారు అది. తొలుత కప్పును విద్యుత్ మోటారు నడిపేది. అయితే ఆనాటి బ్యాటరీలకు అంత బరువు ఎత్తే శక్తి అంతంత మాత్రమే. తరువాత తయారైన పొడవాటి 402 ఎక్లిప్స్‌లో కంపెనీ మోటారును తొలగించి చేత్తో నడిపే పద్ధతికి మారింది. ఇది పోలాన్ ఓటమి కాదు. సరిగ్గా తూకం కుదిరిన కప్పును మనిషి తన చేతులతోనే కదపగలడని దీనితో తేలింది. ఖరీదు దృష్ట్యా ఈ కార్లు కొన్ని వందలకు మించి అమ్ముడు కాలేదు. అయినా మోటారు బలంతో కదిలే గట్టి కప్పు ఒక పెద్ద కంపెనీ జాబితాలో అమ్మకపు సరుకుగా చేరడం అదే మొదటిసారి.

ఆ తరువాత పోలాన్ పేరు పైకప్పులకు పరిమితం కాలేదు. ఆయన గీసిన దార్ల్‌మా ప్యూజో స్పోర్ట్స్ కార్లు మూడు 1937లో లె మాన్ 24 గంటల పందెంలో పాల్గొనగా మూడూ పందెం పూర్తి చేశాయి. 1938లో ఒకటి మొత్తం మీద అయిదో స్థానంలో, రెండు లీటర్ల తరగతిలో ప్రథమ స్థానంలో నిలిచింది. డెలాజ్, టాల్బో కంపెనీల చాసిస్‌లపై పుర్తూ కట్టిన కార్లకు కూడా ఆయనే రూపకర్త. నేడు ఆ కార్లను ప్రదర్శనశాలల్లో శిల్పాలలా నిలబెడుతున్నారు.

వీటన్నింటిలో బెంట్లీ కథ ప్రత్యేకమైనది. పారిస్‌లో నివసించే గ్రీకు ధనవంతుడు, పందెం డ్రైవరు ఆండ్రే ఎంబిరికోస్ కోసం పోలాన్ 1938లో బెంట్లీ చాసిస్‌పై తేలికైన అల్యూమినియం మిశ్రమలోహపు బాడీని రూపొందించారు. నిటారైన రేడియేటరు, ఎత్తైన కప్పు గల గంభీరమైన బెంట్లీలకు అలవాటుపడిన ఇంగ్లీషువారికి అది బెంట్లీలాగే కనిపించలేదు. 1939లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌పై ఒక్క గంటలో 114 మైళ్లకు పైగా, అంటే సుమారు 184 కిలోమీటర్లు పరుగెత్తింది. యుద్ధం ముగిశాక, కారు వయస్సు పదకొండేళ్లు నిండినప్పుడు, 1949 లె మాన్ పందెంలో ఆరో స్థానం దక్కించుకుంది. కొన్నాళ్లకే పాతబడటం ఫ్యాషన్ కార్ల లక్షణం. పోలాన్ గీసిన గీత అలా పాతబడలేదు.

ఆ కారును చూసి మురిసిన బెంట్లీ యాజమాన్యం తమ సొంత నమూనా కోసం పోలాన్ సేవలను వినియోగించుకుంది. కార్నిష్ అని పేరు పెట్టిన ఆ కారుకు పారిస్‌లోని వాన్‌వూరెన్ సంస్థ బాడీ కట్టింది. ఫ్రాన్స్ రోడ్లపై పరీక్షిస్తుండగా 1939 ఆగస్టులో అది ప్రమాదానికి గురైంది. చాసిస్‌ను ఇంగ్లండ్‌లోని డెర్బీకి తరలించారు. బాడీ మాత్రం మరమ్మతుల కోసం ఫ్రాన్స్‌లో నిలిచిపోయింది. సెప్టెంబరులో యుద్ధం మొదలయింది. ఇంగ్లండ్‌కు పంపేందుకు దియెప్ రేవుకు చేర్చిన ఆ బాడీ బాంబు దాడిలో ధ్వంసమయింది.

1940 జూన్‌లో పారిస్ జర్మన్ల వశమయింది. బాడీలు కట్టే షెడ్లలో పని ఆగిపోయింది. పెట్రోలు కరువైంది. ప్రైవేటు కార్లు రోడ్లపై నుంచి దాదాపు మాయమయ్యాయి. ఫ్రెంచి పరిశ్రమలు చాలామటుకు జర్మన్ సైన్యం ఆర్డర్లపై నడవడం మొదలుపెట్టాయి. ఎందరో సాంకేతిక నిపుణులు తల వంచుకుని పనిచేసుకుపోయిన కాలమది. వారిని తప్పుపట్టడం సులభం, వారి స్థానంలో నిలబడటం కష్టం. పోలాన్ మాత్రం వేరే దారి పట్టారు. బ్రిటిష్ గూఢచారి విభాగానికి సమాచారం చేరవేసే రహస్య బృందంలో ఆయన చేరారు. జాక్ కెల్నర్ కూడా అందులో ఉన్నారు. ఇంజనీర్లతోనూ, వర్క్‌షాపులతోనూ పరిచయం ఉన్న మనిషికి, నక్షా చూడగానే అది ఏ యంత్రానిదో పోల్చగల మనిషికి ఆ బృందంలో ఎంత విలువ ఉండేదో ఊహించవచ్చు.

ఆ పని ఏడాదికి మించి సాగలేదు. 1941లో బృందం గుట్టు బయటపడింది. పోలాన్ అరెస్టయ్యారు. జర్మన్ సైనిక న్యాయస్థానం మరణశిక్ష విధించింది. శిక్ష అమలైన మోంట్ వలేరియన్ కోట యుద్ధకాలంలో వెయ్యి మందికి పైగా ఖైదీలను, బందీలను కాల్చి చంపిన స్థలం. ఆ కొండ కిందనే రుయీ మాల్మేజాన్ పట్టణం ఉంది. మార్సెల్ పుర్తూ బాడీల కర్మాగారం ఆ పట్టణంలోనిదే. పోలాన్ గీతలు కార్లుగా మారిన షెడ్లకూ, ఆయనను నిలబెట్టి కాల్చిన చోటికీ మధ్య దూరం బహు స్వల్పం.

యుద్ధానంతరం ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు మరణానంతరం క్రోయా ద గేర్, రెసిస్టెన్స్ పతకాలను ప్రకటించింది. పరిశ్రమ మాత్రం ఆయనను చాలాకాలం మరిచిపోయింది. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1957లో ఫెయిర్‌లేన్ స్కైలైనర్ అనే కారును విడుదల చేసినప్పుడు ప్రజలు దానిని సరికొత్త వింతగానే చూశారు. పొడవు సమస్యను ఫోర్డ్ ఇంజనీర్లు మరో విధంగా పరిష్కరించారు. కప్పు ముందు భాగాన్ని కీలుతో లోపలికి మడిచారు. మూడు మోటార్లు కప్పునూ మూతనూ నడిపేవి, తాళాలకు మరో నాలుగు. వీటికి తోడు పది రిలేలు, దాదాపు 186 మీటర్ల తీగ. వీటిలో ఏ ఒక్కటి మొరాయించినా కప్పు సగంలో ఆగి నిలబడేది. 48,394 కార్లు తయారయ్యాక 1959లో దానికి స్వస్తి చెప్పారు.

నమ్మకమైన హైడ్రాలిక్ పరికరాలు, ఎలక్ట్రానిక్ నియంత్రణ వచ్చాక గాని ఈ ఆలోచన మళ్లీ నిలదొక్కుకోలేదు. 1996లో మెర్సిడెస్ కంపెనీ ఎస్ఎల్‌కే కారులో కప్పును రెండు ముక్కలు చేసి సుమారు 25 సెకండ్లలో డిక్కీలోకి దించింది. 2000లో ప్యూజో కంపెనీ 206 సీసీతో అదే సౌకర్యాన్ని మధ్యతరగతి కొనుగోలుదారులకు అందించి, ఆరు దశాబ్దాల నాటి తన 402ను గుర్తు చేసింది. ఆ మోజు కూడా శాశ్వతం కాలేదు. బరువు, ఖర్చు, డిక్కీలో చోటు కరువు అనే పాత ఫిర్యాదులే మళ్లీ తలెత్తాయి. ఈలోగా గుడ్డ టాపులు బాగా మెరుగుపడ్డాయి. 2021లో వెలువడిన కొత్త ఎస్ఎల్ కారుకు మెర్సిడెస్ మళ్లీ గుడ్డ టాపే వేసింది.

దియెప్ రేవులో నాశనమైన కార్నిష్‌కు మాత్రం మరో జన్మ లభించింది. మిగిలిన పాత నక్షాలను ముందుంచుకుని బెంట్లీ పనివారు ఆ బాడీని చేత్తో తిరిగి మలిచారు. కంపెనీ శతజయంతి సంవత్సరమైన 2019లో ఆ కారు మళ్లీ రోడ్డెక్కింది.