ధ్రువవీరుడు అముండ్‌సెన్

కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ కొల్లేటి సరస్సు కలదు. దానిని ఆశ్రయించి బ్రతుకు పక్షులలో గూడబాతు మిక్కిలి బరువైనది. అది నీటినుండి తటాలున ఎగురజాలదు. రెక్కలు అల్లార్చుచు, కాళ్లతో నీటిని తన్నుచు కొంతదూరము పరుగెత్తి, పిమ్మట గాలిలోనికి లేచును. వ్రాలునపుడు పాదములు ముందునకు చాచి, నీటిని చీల్చుకొనుచు జారి ఆగును.

నీటివిమానము నడకయు ఇట్టిదే. దాని అడుగుభాగము పడవవలె నుండును. తాడేపల్లిగూడెములో రెండవ ప్రపంచయుద్ధకాలమున నిర్మించినటువంటి గట్టి నేలదారి దానికి అక్కరలేదు; విశాలమైన జలాశయమున్న చాలును. చక్రములు కూడ అమర్చినచో అది నేలమీదను నీటిమీదను దిగగలదు. 2024 నవంబరు 9వ తేదీన విజయవాడలోని ప్రకాశం బ్యారేజి జలాశయమునుండి శ్రీశైలమునకు ప్రయోగాత్మకముగా ఎగిరిన విమానము ఈ రెండవ జాతికి చెందినది.

అయితే నీటివిమానమునకు నీరే బలము, నీరే గండము. అలలు ఎత్తుగా లేచినచో దానికి దిగుట కష్టము. నీరు గడ్డకట్టినచో లేచుట కష్టము. అట్టి విమానములో ఒకమారు మృత్యుముఖమునుండి బయటపడి, మూడేండ్ల పిదప మరియొకరి ప్రాణము కాపాడుటకై మరల అట్టి విమానమునే యెక్కి, తిరిగిరాని మహావీరుడు రోఆల్డ్ అముండ్‌సెన్.

అముండ్‌సెన్ 1872 జులై 16వ తేదీన నార్వే దేశములోని బోర్గె అను గ్రామమున జన్మించెను. అతని వంశమువారు ఓడల యజమానులు, నావికులు. పదునాలుగవ యేట తండ్రి మరణించెను. కుమారుడు వైద్యుడు కావలెనని తల్లి కోరిక. ఆమె మాటను కాదనలేక అతడు వైద్యవిద్యలో చేరెను గాని, మనస్సు మాత్రము మంచుసముద్రములమీదనే యుండెను. 1888లో నాన్సెన్ అను నార్వే వీరుడు గ్రీన్‌లాండు మంచుభూమిని దాటిన వార్త అతని హృదయములో నాటుకొనెను. చలికి దేహమును అలవాటు చేయుటకై అతడు గడ్డకట్టు చలికాలములో సైతము కిటికీలు తెరచి నిద్రించెడివాడు. 1893లో తల్లి మరణించిన పిదప వైద్యవిద్యను విడిచి, నావికవృత్తిని స్వీకరించెను.

1897లో బెల్జికా అను ఓడలో దక్షిణధ్రువ ప్రాంతమునకు పయనమయ్యెను. ఆ ఓడ మంచులో చిక్కుకొని, చీకటిమయమైన శీతకాలమంతయు అచ్చటనే యుండిపోయెను. తాజా ఆహారము లేక నావికులు స్కర్వీ వ్యాధిపాలైరి. ఓడ వైద్యుడైన కుక్ అను అమెరికా దేశీయుని హితవుచే సీలు, పెంగ్విను జంతువుల పచ్చిమాంసము తినిన మీదట వారు కోలుకొనిరి. మంచుదేశములో ధైర్యమొక్కటియే చాలదు, ముందుచూపు కావలెనని అముండ్‌సెన్ అచ్చట గ్రహించెను.

ఆ ముందుచూపే అతని జీవితమునకు ఆధారమయ్యెను. అట్లాంటికు సముద్రమునుండి కెనడా ఉత్తర తీరము వెంట పసిఫికు సముద్రమునకు ఓడదారి కనుగొనుటకు అనేక శతాబ్దులుగా పెక్కుమంది ప్రయత్నించి విఫలులైరి. 1903లో అముండ్‌సెన్ ఆరుగురు సహచరులతో, 47 టన్నుల చిన్న ఓడలో ఆ దారిని పట్టెను. నడుమ రెండు శీతకాలములు ఒక దీవిలో నిలిచి, అచ్చటి ఇన్యూట్ జాతివారికి శిష్యుడయ్యెను. తోలు దుస్తులు ధరించు విధము, కుక్కలచే బండ్లను లాగించు నేర్పు వారియొద్దనే నేర్చుకొనెను. 1906 నాటికి ఆ ఓడదారిని మొదటినుండి తుదివరకు దాటిన తొలి నావికుడై వన్నెకెక్కెను.

పిదప ఉత్తరధ్రువమును చేరవలెనని ఉద్యమించెను. అంతలో ఆ ధ్రువమును ఇదివరకే చేరితిమని కుక్, పియరీ అను ఇరువురు ప్రకటించిరి. అముండ్‌సెన్ తన సంకల్పమును దక్షిణధ్రువమువైపు మరల్చెను. ఆ సమయముననే ఆంగ్లేయుడైన కెప్టెన్ స్కాట్ కూడ అచ్చటికే బయలుదేరియుండెను. అముండ్‌సెన్ ముందుగా మంచుమైదానములో ఆహారపు నిల్వలను పాతించి, పొగమంచులో దారి తప్పినను అవి కనబడునట్లు ఒక్కొక్క నిల్వకు ఇరుప్రక్కల వరుసగా జెండాలు నాటించెను. తొందరపడి సెప్టెంబరులో ఒకమారు బయలుదేరి, భరింపరాని చలిచే వెనుదిరుగవలసివచ్చెను. తిరిగి అక్టోబరులో నలుగురు సహచరులతో, 52 కుక్కలతో కదలి, 1911 డిసెంబరు 14వ తేదీన దక్షిణధ్రువమును చేరెను. మానవుని పాదము అచ్చట మోపుట అదియే ప్రథమము. ఐదుగురును క్షేమముగా తిరిగివచ్చిరి. కుక్కలు మాత్రము 11 మిగిలెను. తక్కిన వానిలో పెక్కింటిని ముందు వేసికొనిన లెక్క ప్రకారము ఆహారమునకై చంపవలసివచ్చెను. నెలదినముల తరువాత ధ్రువమును చేరిన స్కాట్ తన నలుగురు సహచరులతోగూడ తిరుగుదారిలో ప్రాణములు కోల్పోయెను.

విమానములు వచ్చిన కాలమున అముండ్‌సెన్ కుక్కల బండ్లనే పట్టుకొని కూర్చుండలేదు. 1914లో విమానము నడుపుటకు యోగ్యతాపత్రము సంపాదించెను. కాని విమానములకు ధనము కావలెను. అప్పుల బాధ అతనిని క్రుంగదీసెను. అప్పుడు ఎల్స్‌వర్త్ అను అమెరికా ధనికుడు సాయపడగా రెండు నీటివిమానములు సమకూరెను. అవి డోర్నియర్ సంస్థ రచించినవి; వాని అడుగు లోహముతో చేయబడినది. నీటిపైననే గాక నున్నని మంచుపై సైతము అవి జారగలవు.

1925 మే 21వ తేదీన ఆ రెండు విమానములు స్వాల్‌బార్డ్ దీవులనుండి ఉత్తరధ్రువమువైపు ఎగిరెను. ఒక్కొక్కదానిలో ముగ్గురు చొప్పున ఆరుగురు మనుష్యులుండిరి. ఒకదానిలో అముండ్‌సెన్, చాలకుడు రీసర్ లార్సెన్, యంత్రజ్ఞుడు ఫాయిక్ట్. రెండవదానిలో ఎల్స్‌వర్త్, చాలకుడు డీట్రిక్సన్, యంత్రజ్ఞుడు ఓమ్‌డాల్. సుమారు ఎనిమిది గంటలు ఎగిరినపిదప ఇంధనము సగము ఖర్చయ్యెను. మంచుగడ్డల నడుమ సన్నని నీటిపాయ కనబడగా దానిలోనికి దిగిరి. ధ్రువము ఇంక సుమారు 250 కిలోమీటర్ల దూరములో నున్నది. అనగా ఏలూరునుండి విశాఖపట్టణమునకుగల దూరముకంటె కొంచెము తక్కువ. కాని ఎల్స్‌వర్త్ విమానము దెబ్బతిని నీరు కారసాగెను. మంచుగడ్డలు క్రమక్రమముగా దగ్గరకు జరిగి నీటిపాయ మూసికొనెను. కొల్లేటి తూటిలో చిక్కిన దోనెవలె విమానములు చిక్కుకొనెను. అయితే తూటిని కత్తితో కోయవచ్చును. ఈ మంచు మాత్రము విమానపు డొక్కను గ్రుడ్డుపెంకువలె నలిపివేయగలదు.

రెండు విమానముల నడుమ కొన్ని కిలోమీటర్ల దూరముండెను. ఎల్స్‌వర్త్ బృందము పలుచని మంచుమీదుగా అముండ్‌సెన్‌ను చేరవచ్చుచుండగా డీట్రిక్సన్, ఓమ్‌డాల్ మంచు విరిగి నీటిలో పడిరి. ఎల్స్‌వర్త్ తన కాలి పట్టెను చాచి డీట్రిక్సన్‌ను పైకి లాగెను. పిదప ఇరువురు కలిసి ఓమ్‌డాల్‌ను బయటికి తీసిరి.

ఇంక వారికి మిగిలిన విమానము ఒక్కటియే. ఆరుగురు దానిలోనే తిరిగి పోవలెను. అముండ్‌సెన్ వెంటనే ఆహారమును కొలిచి, ప్రతిమనుష్యునికి దినమునకు స్వల్పభాగము మాత్రము నిర్ణయించెను. పనికి, భోజనమునకు, నిద్రకు వేళలు ఏర్పరచెను. మనుష్యుడు నిరాశపడుటకు ఖాళీ సమయము చిక్కరాదని అతని యభిప్రాయము. మంచు త్రవ్వుటకు తగిన పనిముట్లు వారివద్ద లేవు. గొడ్డలి, కత్తులు, లంగరు, కొయ్యపారలు మాత్రమే వారి ఆయుధములు. వానితోనే సుమారు 500 టన్నుల మంచును, మంచుబురదను తొలగించిరి. చదును చేసిన దారి పలుమార్లు పగిలిపోయెను. పలుమార్లు మరల ఆరంభించిరి. తుదకు సుమారు అర కిలోమీటరు దారి సిద్ధమయ్యెను. అవసరములేని వస్తువులన్నియు పారవైచి, జూన్ 15వ తేదీన ఆరుగురు విమానమెక్కిరి. దారి ముగియుచుండగా విమానము మంచునుండి విడివడి పైకి లేచెను. ఇంధనము తరిగిపోయిన స్థితిలో స్వాల్‌బార్డ్ ఉత్తరతీరమున సముద్రముపై దిగిరి. వేటకు వచ్చిన ఒక చిన్న ఓడ వారిని చేర్చుకొనెను. మరణించిరని లోకము భయపడిన ఆరుగురును సజీవులై వచ్చిరి.

మరుసటి యేడు అముండ్‌సెన్, ఎల్స్‌వర్త్, ఇటలీ దేశీయుడైన నోబిలె కలిసి నోర్గె అను వాయునౌకలో బయలుదేరిరి. దానిని రచించినవాడును, నడిపినవాడును నోబిలెయే. 1926 మే 12వ తేదీన వారు ఉత్తరధ్రువము మీదుగా ఎగిరి, మే 14న అలాస్కాలో దిగిరి. కాని ఆ కీర్తి యెవరిదను విషయమున అముండ్‌సెన్‌కును నోబిలెకును తగవు పుట్టెను. అముండ్‌సెన్ తన గ్రంథములో నోబిలెను కఠినముగా విమర్శించెను. కలసి ఆకాశమార్గమున పోయినవారు నేలమీద విరోధులైరి.

1928 మే 25వ తేదీన నోబిలె నడుపుచున్న ఇటాలియా అను వాయునౌక ధ్రువమునుండి తిరిగివచ్చుచు మంచుపై కూలెను. మరునాడు అముండ్‌సెన్ ఒక విందులో ఉండగా, వాయునౌక జాడ తెలియలేదను వార్త వచ్చెను. సహాయమునకు వెళ్లుదువా యని యడుగగా, అతడు ఒక్క క్షణమైనను ఆలోచింపక సిద్ధమని చెప్పెను. అప్పటికి అతనికి 55 ఏండ్లు. సాధింపవలసిన కీర్తి ఏమియు లేదు. రక్షింపవలసినవాడు తన విరోధి. ఐనను మంచులో చిక్కిన మనుష్యుని బాధ అముండ్‌సెన్‌కు తెలియును; 1925లో ఆ బాధను తానే అనుభవించినవాడు.

నార్వే ప్రభుత్వము పంపిన విమానములలో అతనికి చోటు దొరకలేదు. స్వంతముగా విమానము కొనుటకు ధనము లేదు. తుదకు ఫ్రెంచి నౌకాదళము లాథమ్ 47 అను నీటివిమానమును ఇచ్చెను. అది అట్లాంటికు సముద్రమును దాటుటకై నిర్మింపబడినది. మంచుగడ్డపై దిగుటకు తగిన గట్టి అడుగు దానికి లేదు. ఆహారపు నిల్వలకు సైతము జెండాలు వరుసలు తీర్చిన అముండ్‌సెన్ ఆ లోపమును ఎరుగకపోడు. కాని తగిన సాధనము వచ్చువరకు మంచుపైనున్నవారు బ్రతికియుందురను నమ్మకము ఎవరికి కలదు? జీవితమంతయు సిద్ధపడిన పిదపనే కదలినవాడు ఆ ఒక్కమారు సిద్ధపడకయే కదలెను.

జూన్ 18వ తేదీ సాయంకాలము ఆ విమానము నార్వే ఉత్తరభాగమునగల ట్రోమ్సో రేవునుండి లేచెను. దానిలో గిల్బో నాయకత్వమున నలుగురు ఫ్రెంచివారు, అముండ్‌సెన్, అతని పాతమిత్రుడు డీట్రిక్సన్ ఉండిరి. కొన్ని గంటలకే దాని రేడియో సంకేతములు ఆగిపోయెను. ఆగస్టు 31న ట్రోమ్సో సమీపమున జాలరులకు దాని రెక్క క్రింది తేలుడుబుడ్డి ఒకటి దొరకెను. అక్టోబరులో ఇంధనపు పీపా ఒకటి దొరకెను. ఊడిపోయిన తేలుడుబుడ్డికి బదులుగా దానిని అమర్చుటకు ఎవరో ప్రయత్నించినట్లు దానిపై గుర్తులు కనబడెను. విమానము సముద్రముపై దిగిన తరువాత కూడ లోపలివారు కొంతసేపు పోరాడిరని దీనివలన ఊహింపవచ్చును. 2009లో నార్వే నౌకాదళము మనుష్యులు లేని జలాంతర్గామితో సముద్రగర్భమును వెదకినను విమానము దొరకలేదు.

నోబిలె మాత్రము బ్రతికెను. జూన్ నెలలోనే లుండ్‌బోర్గ్ అను స్వీడను వైమానికుడు, అడుగున పట్టెలు అమర్చిన చిన్న విమానముతో మంచుపై దిగి అతనిని తెచ్చెను. జులై 12న క్రాసిన్ అను రష్యా మంచుకోత ఓడ మిగిలినవారిని చేర్చుకొనెను. నోబిలె 1978 వరకు జీవించెను.

1928 డిసెంబరు 14వ తేదీన, దక్షిణధ్రువమును అముండ్‌సెన్ చేరిన దినముననే, నార్వే ప్రజలు రెండు నిమిషములు మౌనము పాటించి అతనిని స్మరించిరి. కార్యమునకు ముందు సిద్ధపడుట వివేకమని అతని విజయములు తెలుపుచున్నవి. ఆపదలోనున్నవాడు మిత్రుడా, శత్రువా యని విచారింపకుండుట మానవధర్మమని అతని మరణము తెలుపుచున్నది. మొదటిదానిచే అతడు రెండు ధ్రువములను జయించెను. రెండవదానిచే తన కోపమును జయించెను.