తోటమాలి ఓర్పు

ఫలం కనబడలేదని పరిచర్య మానుకోవాలనుకునేవారు మన సంఘాల్లో ఉన్నారు. వారితో కలిసి మనం విలియం కేరీ గారి జీవితాన్ని ధ్యానిద్దాం.

1761లో ఇంగ్లండులో పుట్టిన కేరీ గారు చెప్పులు కుట్టి బ్రతికారు. చిన్ననాటి నుండి ఆయనకు మొక్కలంటే ప్రాణం. 1793లో సువార్త పని కోసం బెంగాల్ వచ్చారు. అక్కడ కృష్ణ పాల్ అనే వడ్రంగికి తొలి బాప్తిస్మం ఇచ్చింది 1800 డిసెంబరులో. ఏడేళ్ల నిరీక్షణ! విత్తిన రైతు మొలక కోసం రోజూ మట్టి తవ్వి చూడడు గదా. కేరీ గారూ నీళ్లు పోస్తూ కనిపెట్టారు.

1812లో శ్రీరాంపూర్ అచ్చుకూటం తగలబడి, ఏళ్ల తరబడి రాసిన ప్రతులు బూడిదయ్యాయి. ఆయన మళ్లీ మొదలుపెట్టారు. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడే అచ్చయ్యాయి. 1823లో వరద ఆయన తోటను పాడుచేసింది. అరవై దాటిన వయసులో మళ్లీ మొక్కలు నాటించారు.

నరికిన మోడు వాన పడగానే చిగురిస్తుంది. దేవుడు తన సృష్టిలో మనకు చూపే పాఠం ఇదే. ఈ ఆదివారం సండేస్కూలుకు నలుగురు పిల్లలే వచ్చినా విత్తడం మానకుందాం. పంట ఇచ్చేవాడు ప్రభువు.